ఈడెన్ (ఆల్బం)

ఈడెన్ 1984 జూన్‌లో బ్రిటన్‌లో విడుదలైన పాటల ఆల్బం. ట్రేసీ థార్న్, బెన్ వాట్ అనే ఇద్దరు యువ సంగీతకారులు 'ఎవ్రీథింగ్ బట్ ది గర్ల్' అన్న జంట పేరుతో వెలువరించిన మొదటి పూర్తి నిడివి ఆల్బం ఇది. బ్లాంకో ఇ నెగ్రో అనే సంస్థ దీనిని విడుదల చేసింది. రాబిన్ మిల్లర్ దీని నిర్మాత. ఇందులో 12 అంశాలు ఉన్నవి. వాటిలో ఒకటి కేవలం వాద్య సంగీతం. చిన్న సంస్థల అండతో, తక్కువ ఖర్చుతో పాటలు చేసుకొనే 'ఇండీ' యువతరం నుండి వచ్చిన ఇద్దరు, ఆ తరం పెద్దగా పట్టించుకోని జాజ్, బోసా నోవా సంగీతాల పద్ధతులను తమ పాటల్లోకి తెచ్చుకోవడం ఈ ఆల్బం ప్రత్యేకత. ఆనాటి బ్రిటిష్ పాప్ సంగీతంలో బిగ్గరగా వినిపించే సింథసైజర్ల నడుమ, ఇంత తక్కువ గొంతుతో పాడిన పాటలు జనాదరణ పొందడం విశేషంగానే చెప్పుకోవాలి.

ఇండీ సంగీతం అంటే

'ఇండిపెండెంట్' అన్న మాటకు సంక్షిప్త రూపం ఇండీ. 1976-77 ప్రాంతంలో బ్రిటన్‌లో పంక్ సంగీతం తలెత్తినపుడు, పెద్ద రికార్డు కంపెనీల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడనవసరం లేదన్న భావన యువకుల్లో బలపడింది. రెండు మూడు గదుల కార్యాలయాలతో నడిచే చిన్న సంస్థలు ఎన్నో పుట్టుకొచ్చాయి. రఫ్ ట్రేడ్, చెర్రీ రెడ్ వాటిలో ముఖ్యమైనవి. ఈ సంస్థల రికార్డులకు విడిగా ఒక అమ్మకాల పట్టికను కూడా ప్రకటించేవారు.

పంక్ తరం నమ్మిన సూత్రం ఒకటున్నది. సంగీతం చేయడానికి ఏళ్ల తరబడి సాధన అక్కరలేదు, చెప్పవలసిన మాట ఉంటే చాలు అన్నది ఆ సూత్రం. సాధన లేకపోవడమే నిజాయితీకి గుర్తు అని వాదించినవారూ ఉన్నారు. జాజ్ సంగీతం సరిగ్గా దీనికి ఎదురు దిశలో నిలబడుతుంది. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ నగరపు నల్లజాతి సంగీతకారుల చేతుల్లో 20వ శతాబ్దారంభాన రూపుదిద్దుకొన్న జాజ్, కఠోర సాధన మీదా, అప్పటికప్పుడు కల్పన చేయగల నేర్పు మీదా నడిచే కళ. ఈ రెండింటికీ పొత్తు కుదరదనే చాలామంది అనుకొన్నారు. కుదురుతుందని చూపిన కొద్ది రికార్డుల్లో ఈడెన్ ఒకటి.

ఇది మొట్టమొదటి ప్రయత్నం మాత్రం కాదు. వేల్స్ దేశానికి చెందిన యంగ్ మార్బుల్ జయంట్స్ అనే బృందం 1980లో 'కొలాసల్ యూత్' అనే ఒకే ఒక ఆల్బం వెలువరించింది. అందులో పాటలు దాదాపు గుసగుసల వలె ఉంటాయి. ఆ బృందం విడిపోయాక గాయని ఆలిసన్ స్టాటన్ 'వీకెండ్' అనే మరో బృందంలో చేరింది. 1982లో వచ్చిన వీకెండ్ వారి 'లా వెరైటీ' ఆల్బంలో జాజ్, ఆఫ్రికన్, లాటిన్ అమెరికన్ పోకడలు స్పష్టంగా వినిపిస్తాయి. వీకెండ్‌లో గిటారు వాయించిన సైమన్ బూత్ తరువాత ఈడెన్‌లోనూ వాయించాడు. కనుక ఈడెన్ వంశవృక్షాన్ని గీయదలచినవారు అక్కడి నుండి మొదలుపెట్టవలసి ఉంటుంది.

ఇద్దరు విద్యార్థులు

ట్రేసీ థార్న్ 1962 సెప్టెంబరు 26న జన్మించింది. లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బ్రూక్‌మన్స్ పార్క్ అనే ఊరిలో పెరిగింది. పాఠశాల స్నేహితురాళ్లతో కలిసి 'మెరీన్ గర్ల్స్' అనే బృందాన్ని 1980లో ఏర్పరచింది. ఈ బృందానికి డ్రమ్ములు వాయించేవారు లేరు. ఒక గిటారు, ఒక బేస్ గిటారు, చేతికందిన చిన్నచిన్న తాళవాద్యాలు, అంతే. వీరి మొదటి ఆల్బం 'బీచ్ పార్టీ' 1981లో వచ్చింది. దీనిని తరువాతి కాలంలో నిర్వాణ బృందపు గాయకుడు కర్ట్ కొబేన్ తనకు ఇష్టమైన ఆల్బంల జాబితాలో రాసుకొన్నాడంటే నమ్మడం కష్టమే గాని నిజం. చెవులు హోరెత్తించే నిర్వాణ సంగీతానికీ, ఈ పిల్లల పాటలకూ పైకి కనిపించే పోలిక ఏదీ లేదు.

బెన్ వాట్ 1962 డిసెంబరు 6న లండన్‌లో జన్మించాడు. ఇతని తండ్రి టామీ వాట్ గ్లాస్గోలో పుట్టిన జాజ్ సంగీతకారుడు, 1950లలో సొంత వాద్యబృందాన్ని నడిపినవాడు. ఇంట్లో జాజ్ రికార్డుల మధ్య పెరగడం వల్ల ఆ సంగీతం వాట్‌కు పెద్దల సొత్తుగానో, పాతబడినదిగానో తోచలేదు. తండ్రి వృత్తి జీవితంలోని ఎత్తుపల్లాలను వాట్ తరువాత 'రోమనీ అండ్ టామ్' (2014) అనే పుస్తకంలో వివరంగా రాశాడు. వాట్ 1982లో వెలువరించిన 'సమ్మర్ ఇంటు వింటర్' అనే చిన్న రికార్డులో రాబర్ట్ వయట్ పాలుపంచుకొన్నాడు. వయట్ పూర్వం సాఫ్ట్ మెషీన్ అనే బృందంలో రాక్‌నూ జాజ్‌నూ కలిపి ప్రయోగాలు చేసిన పెద్ద సంగీతకారుడు.

1981 శరత్కాలంలో థార్న్, వాట్ ఇద్దరూ ఇంగ్లండు ఈశాన్య తీరంలోని హల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులుగా చేరారు. అప్పటికే ఇద్దరూ వేరువేరుగా చెర్రీ రెడ్ సంస్థతో ఒప్పందం చేసుకొని ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి పేరు వరకే తెలుసు. వాట్ విద్యార్థి సంఘ భవనంలోని మైకులో థార్న్ పేరు పిలిపించి ఆమెను కలుసుకొన్నాడు. ప్రసిద్ధ ఆంగ్లకవి ఫిలిప్ లార్కిన్ ఆ రోజుల్లో ఆ విశ్వవిద్యాలయంలోనే గ్రంథాలయాధికారిగా పనిచేస్తూ ఉన్నాడు. థార్న్ అక్కడ ఆంగ్ల సాహిత్యంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది.

జంట పేరు వెనుక ఉన్న కథ కొంచెం విచిత్రమైనది. హల్ పట్టణంలో టర్నర్స్ అనే ఫర్నిచరు దుకాణం ఉండేది. పడకగదికి కావలసినవన్నీ మా వద్ద దొరుకుతాయి, అమ్మాయి ఒక్కతె తప్ప అన్న అర్థం వచ్చే ప్రకటన ఆ దుకాణానికి ఉండేది. ఆ ప్రకటనలోని చివరి మాటలనే వీరు తమ పేరుగా పెట్టుకొన్నారు. స్త్రీని సరుకుల జాబితాలో చేర్చి చమత్కరించిన ఆ ప్రకటనను, గాయనే ముందు నిలిచి నడిపే ఒక జంట తన పేరుగా ధరించడంలో వ్యంగ్యం ఉన్నది. ఈ వ్యంగ్యం ఈడెన్ మొదటి పాటను అర్థం చేసుకోవడానికి కూడా పనికి వస్తుంది.

ఈడెన్‌కు ముందు

జంటగా వీరి మొదటి రికార్డు 1982లో చెర్రీ రెడ్ విడుదల చేసిన 'నైట్ అండ్ డే'. ఇది కోల్ పోర్టర్ 1932లో రచించిన పాట. తాతల కాలం నాటి ఈ పాటను గిటారు, రెండు గొంతులతో ఆడంబరం లేకుండా పాడారు. ఒక్కసారికి సరదాగా చేద్దామనుకొన్న పని అది. అయితే అది విన్నవారికి వీరి దారి ఎటు పోతున్నదో తెలిసిపోయింది.

అదే సంవత్సరం థార్న్ ఒంటరిగా 'ఎ డిస్టంట్ షోర్' అనే ఆల్బం చేసింది. 1983లో వాట్ 'నార్త్ మెరీన్ డ్రైవ్' వెలువరించాడు. ఈ రెండూ వినకుండా ఈడెన్ విన్నవారికి సగం కథే తెలుస్తుంది. మొదటిదానిలో దాదాపు గిటారు, గొంతు తప్ప మరేమీ లేవు. రెండవదానిలో జాజ్ స్వరమేళనాలు, శాక్సోఫోను అక్కడక్కడ తొంగిచూస్తాయి. ఈ రెండు ఏటిపాయలు కలిసిన చోటు ఈడెన్ అని చెప్పవచ్చు.

చెర్రీ రెడ్ సంస్థ తన కళాకారుల పాటలన్నీ కూర్చి 'పిల్లోస్ అండ్ ప్రేయర్స్' అనే సంకలనాన్ని 1982 చివర కేవలం 99 పెన్నీలకు అమ్మింది. మామూలు ఆల్బం వెలలో ఇది చిన్న భాగం మాత్రమే. చేతిలో చిల్లర డబ్బులున్న ఏ విద్యార్థి అయినా కొనగలిగిన ఈ రికార్డు ద్వారానే థార్న్, వాట్, మెరీన్ గర్ల్స్ పేర్లు దేశమంతటా తెలిశాయి.

1983 జనవరిలో లండన్‌లోని ఐ.సి.ఎ. కళాకేంద్రంలో జరిగిన వీరి కచేరీలో పాల్ వెల్లర్ వేదిక ఎక్కి కలిసి పాడాడు. వెల్లర్ అప్పటికి బ్రిటన్‌లో అత్యంత ప్రజాదరణ గల ది జామ్ బృందాన్ని రద్దు చేసుకొని కొత్త దారి వెతుక్కుంటున్నాడు. ఆయన తరువాత స్థాపించిన స్టైల్ కౌన్సిల్ బృందపు 'కఫే బ్లూ' (1984) ఆల్బంలో 'ది పారిస్ మ్యాచ్' అనే పాటను థార్న్ చేత పాడించాడు. దానికి గిటారు వాయించినది వాట్.

రికార్డింగు

చెర్రీ రెడ్‌లో వీరిని ప్రోత్సహించిన మైక్ ఆల్వే, రఫ్ ట్రేడ్ వ్యవస్థాపకుడు జెఫ్ ట్రావిస్ కలిసి 1983లో బ్లాంకో ఇ నెగ్రో సంస్థను స్థాపించారు. దీనికి పెద్ద కంపెనీ అయిన డబ్ల్యు.ఇ.ఎ. ఆర్థికంగా దన్నుగా నిలిచింది. థార్న్, వాట్ ఈ కొత్త సంస్థకు మారారు. ఆల్బంను 1983 ద్వితీయార్ధంలో రికార్డు చేసినప్పటికీ, సంస్థ మార్పిడికి సంబంధించిన ఒప్పందాల వ్యవహారం తేలేవరకు విడుదల ఆగిపోయింది. 21 ఏళ్ల వయసులో కొన్ని నెలలంటే చాలా కాలం. పాటలు బయటికి వచ్చేసరికి వాటిని రాసినవారి అభిరుచులు అప్పుడే మారిపోవడం మొదలైంది.

రికార్డింగు లండన్‌లోని విల్స్‌డెన్ ప్రాంతంలో ఉన్న పవర్ ప్లాంట్ స్టూడియోలో జరిగింది. నిర్మాత రాబిన్ మిల్లర్ దాదాపు అదే కాలంలో, అదే స్టూడియోలో షాడే బృందపు 'డైమండ్ లైఫ్' ఆల్బంను కూడా రూపొందించాడు. అది 1984 జూలైలో విడుదలై ప్రపంచమంతటా లక్షల్లో అమ్ముడుపోయింది. మిల్లర్ రెటినైటిస్ పిగ్మెంటోజా అనే కంటివ్యాధితో క్రమంగా చూపు కోల్పోయిన వ్యక్తి. ఆయన చేసిన రికార్డుల్లో ప్రతి వాద్యానికీ చుట్టూ కొంత ఖాళీ విడిచిపెట్టినట్లు ఉంటుంది. ఏ వాద్యమూ మరొకదాని మీద పడదు. ఈ గుణం ఈడెన్‌లో ఆద్యంతం కనిపిస్తుంది.

ఆల్బంలో వాయించినవారి జాబితా చూస్తే దీని స్వభావం తెలుస్తుంది. డ్రమ్ములు వాయించిన చార్ల్స్ హేవర్డ్ 'దిస్ హీట్' అనే అతి తీవ్ర ప్రయోగాత్మక బృందానికి చెందినవాడు. డబుల్ బేస్ వాయించిన చూచో మెర్చాన్ కొలంబియా దేశస్థుడు. తాళవాద్యాలు బ్రెజిల్‌కు చెందిన బోస్కో డి ఒలివేరా వాయించాడు. గిటారు సైమన్ బూత్. ఈయనే తరువాత సైమన్ ఎమర్సన్ అన్న అసలు పేరుతో ఆఫ్రో కెల్ట్ సౌండ్ సిస్టంను స్థాపించి 2023లో మరణించాడు. టెనర్ శాక్సోఫోను నైజెల్ నాష్, ట్రంపెట్, ఫ్లూగల్‌హార్న్ డిక్ పియర్స్.

ఆల్టో శాక్సోఫోను వాయించిన పీటర్ కింగ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లండన్‌లోని ప్రసిద్ధ రానీ స్కాట్స్ జాజ్ క్లబ్బు 1959లో తెరచిన నాడు వాయించినవారిలో ఈయన ఒకడు. అప్పటికి థార్న్, వాట్ ఇద్దరూ పుట్టనే లేదు. బ్రిటన్ జాజ్ విద్వాంసుల్లో అగ్రశ్రేణికి చెందిన ఇటువంటివాడు, తోటషెడ్డులో రికార్డింగు చేసిన పిల్లల పక్కన కూర్చుని వాయించడం ఆ కాలపు సంగీత వాతావరణం ఎంత తెరుచుకొన్నదో చెబుతుంది. పీటర్ కింగ్ 2020లో మరణించాడు.

సంగీత లక్షణాలు

పాశ్చాత్య పాప్ పాటలో గిటారు సాధారణంగా మూడు స్వరాల కూడికలను వాయిస్తుంది. మన పద్ధతిలో చెప్పాలంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం ఒకేసారి మోగితే ఒక కూడిక. దీనిని 'కార్డ్' అంటారు. దీనికి నాలుగవ స్వరంగా కాకలి నిషాదాన్ని చేర్చి మోగిస్తే వచ్చే ధ్వని పూర్తిగా వేరుగా ఉంటుంది. మూడు స్వరాల కూడిక స్థిరంగా, తేల్చి చెప్పినట్లు వినిపిస్తే, నాలుగు స్వరాల కూడిక ఇంకా ఏదో మిగిలి ఉన్నట్లు, సంతోషమో విచారమో తేలనట్లు వినిపిస్తుంది. జాజ్ సంగీతంలో ఈ నాలుగు, అయిదు స్వరాల కూడికలే నిత్య వ్యవహారం. హార్మోనియం మీద ఈ స్వరాలను నొక్కి చూచినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. ఈడెన్ పాటల్లోని తేలని భావానికి సగం కారణం ఈ నిషాదమే.

మిగతా సగం బోసా నోవా. 1950ల చివర బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో జోవావ్ గిల్బెర్టో, ఆంటోనియో కార్లోస్ జోబిం మొదలైనవారు సాంబా లయను నెమ్మదింపజేసి, గిటారు మీదికి కుదించి ఈ శైలిని సృష్టించారు. గిటారు వాద్యకారుని బొటనవేలు కింది తీగల మీద సమంగా నడుస్తూ ఉంటే, మిగిలిన వేళ్లు పై తీగలను కలిపి మీటుతూ తాళపు దెబ్బకు కాస్త ముందో వెనుకో పడుతూ ఉంటాయి. గాయకుడు గొంతు పెంచడు. పక్కన ఉన్నవారితో మాట్లాడినట్లు పాడుతాడు. అమెరికన్ శాక్సోఫోను విద్వాంసుడు స్టాన్ గెట్జ్‌తో గిల్బెర్టో చేసిన 1964 నాటి ఆల్బంతో ఈ శైలి ప్రపంచవ్యాప్తమైంది. అందులో ఆస్ట్రూడ్ గిల్బెర్టో పాడిన తీరు, అలంకారం లేని ఆ గొంతు, ఇరవై ఏళ్ల తరువాత థార్న్ వంటి గాయనులకు ఒక దారి చూపింది. గొప్ప గాత్రమంటే పెద్ద గాత్రమే కానక్కరలేదు అన్నది ఆ దారి.

థార్న్ గొంతు స్త్రీ గొంతుల్లో తక్కువ స్థాయికి చెందినది. స్వరాన్ని వణికించదు, సాగదీయదు. మాట ఎక్కడ ముగుస్తుందో అక్కడే స్వరమూ ముగుస్తుంది. జాజ్ గాయనుల వలె కల్పనలు చేయదు. నిజానికి ఇక్కడే ఈ ఆల్బం జాజ్ కాదనీ, జాజ్ నుండి కొంత అప్పు తెచ్చుకొన్న పాప్ మాత్రమేననీ తెలుస్తుంది. కొందరు జాజ్ అభిమానులు దీనిని లోపంగా ఎంచుతారు. కాని పక్కన పీటర్ కింగ్ శాక్సోఫోను అలంకారాలతో ఎగసినపుడు, కదలకుండా నిలిచిన ఈ గొంతు వల్లనే ఆ ఎగురుడుకు అందం వచ్చింది. తెలుగు శ్రోతలకు శాక్సోఫోను అనగానే కద్రి గోపాల్‌నాథ్ కచేరీలు గుర్తుకు వస్తాయి. ఆయన చేతిలో అది గమకాలు పలికిన వాద్యం. ఈడెన్‌లో అదే వాద్యం పాటకూ పాటకూ నడుమ నాలుగు మాటలు చెప్పి తప్పుకొనే పాత్ర వహిస్తుంది.

ఆల్బంకు లోపాలు లేకపోలేదు. రెండవ భాగంలో కొన్ని పాటలు ఒకే నడకలో సాగి, ఒకదాని నుండి మరొకటి విడిగా గుర్తుండవు.

పాటలు

మొదటి భాగంలో 'ఈచ్ అండ్ ఎవ్రీ వన్', 'బిట్టర్‌స్వీట్', 'టెండర్ బ్లూ', 'అనదర్ బ్రిడ్జ్', 'ది స్పైస్ ఆఫ్ లైఫ్', 'ది డస్ట్‌బౌల్' ఉన్నవి. రెండవ భాగంలో 'క్రాబ్‌వాక్', 'ఈవెన్ సో', 'ఫ్రాస్ట్ అండ్ ఫైర్', 'ఫాసినేషన్', 'ఐ మస్ట్ కన్ఫెస్', 'సాఫ్ట్ టచ్' ఉన్నవి. 'క్రాబ్‌వాక్' వాద్య సంగీతం. చివరి పాటను వాట్ పాడాడు. 'ఫాసినేషన్' మాత్రం వాద్యబృందాన్ని దాదాపు పక్కనపెట్టి, 'ఎ డిస్టంట్ షోర్' నాటి ఒంటరి గిటారు పద్ధతికి తిరిగి వెళ్లినది. అభిమానుల్లో చాలామందికి ఇదే ఇష్టమైన పాట.

మొదటి పాట 'ఈచ్ అండ్ ఎవ్రీ వన్' గురించి కొంత వివరం అవసరం. ఇత్తడి వాద్యాల పలుకుతో, లాటిన్ తాళంతో హుషారుగా మొదలయ్యే ఈ పాట పైకి ప్రియుని చేతిలో నిరాదరణకు గురైన స్త్రీ మొరవలె వినిపిస్తుంది. రేడియోలో విన్న లక్షలమంది అలాగే అర్థం చేసుకొన్నారు. కాని థార్న్ దీనిని రాసినది ప్రియుని గురించి కాదు. సంగీతరంగంలో స్త్రీని చిన్నచూపు చూస్తూ, మెచ్చుకొన్నట్లే మెచ్చుకొంటూ, ఆమె మాటను పట్టించుకోని పురుష విమర్శకుల గురించి. ఈ విషయాన్ని ఆమె తన ఆత్మకథాత్మక రచన 'బెడ్‌సిట్ డిస్కో క్వీన్' (2013)లో స్వయంగా వివరించింది. స్త్రీ కోపంతో చెప్పిన మాటను లోకం విరహంగా విన్నది. తనను సరిగా వినడం లేదని ఫిర్యాదు చేసిన పాటనే లోకం సరిగా వినలేదు. మధురమైన బాణీ ఎంత మేలు చేస్తుందో అంత కీడూ చేస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ. కోపాన్ని కోపపు బాణీలోనే చెప్పాలన్న పంక్ నియమాన్ని థార్న్ పాటించలేదు. అందుకు ఆమె చెల్లించిన మూల్యం ఇది. అర్థం తెలిసిన తరువాత మళ్లీ విన్నవారికి ఆ చల్లని గొంతులోని పదును వేరుగా వినిపిస్తుంది.

ఆదరణ

'ఈచ్ అండ్ ఎవ్రీ వన్' సింగిల్‌గా వెలువడి బ్రిటన్ పట్టికలో 28వ స్థానానికి చేరింది. ఆల్బం 14వ స్థానం వరకు వెళ్లింది. విశ్వవిద్యాలయ పరీక్షలు రాస్తున్న ఇద్దరు విద్యార్థులకు ఇది అనూహ్యమైన విజయం.

అమెరికాలో సైర్ సంస్థ ఈ ఆల్బంను యథాతథంగా విడుదల చేయలేదు. ఇందులోని కొన్ని పాటలను, తరువాత వచ్చిన 'మైన్', 'నేటివ్ లాండ్' వంటి పాటలతో కలిపి, జంట పేరునే ఆల్బం పేరుగా పెట్టి వెలువరించింది. అందువల్ల ఆ కాలపు అమెరికన్ శ్రోతలు ఈడెన్ అని తలచుకొనేది, బ్రిటిష్ శ్రోతలు తలచుకొనేది ఒకే ఆల్బం కాదు. పాత రికార్డులు కొనేవారు ఈ తేడా గమనించాలి.

1984లో బ్రిటన్ పత్రికలు స్టైల్ కౌన్సిల్, షాడే, వర్కింగ్ వీక్, ఎవ్రీథింగ్ బట్ ది గర్ల్ బృందాలన్నిటినీ ఒకే గాట కట్టి 'కొత్త జాజ్' అని రాశాయి. కాఫీ దుకాణాల్లో, బట్టల దుకాణాల్లో నేపథ్యంగా వినిపించే సంగీతమన్న ముద్ర కూడా పడింది. అదే సంవత్సరం మార్చిలో మొదలైన గని కార్మికుల సమ్మెతో దేశం రెండుగా చీలి ఉన్న సమయమది. అటువంటపుడు ఇంత మెత్తని సంగీతం చేయడం తప్పించుకొనడమే అన్న విమర్శ వచ్చింది. థార్న్, వాట్ ఈ ముద్రను ఎంతగా ఇష్టపడలేదంటే, 1985లో వెలువరించిన తరువాతి ఆల్బం 'లవ్ నాట్ మనీ'లో జాజ్‌ను దాదాపు పూర్తిగా వదలి, మోగే ఎలక్ట్రిక్ గిటార్లతో, రాజకీయ సామాజిక విషయాలతో పాటలు చేశారు. ఈడెన్ కోసం వచ్చిన శ్రోతల్లో కొందరు అక్కడే విడిపోయారు.

వెనుక నుండి వచ్చిన శ్రోతలు

ఈడెన్ శ్రోతల్లో పెద్ద భాగం దీనిని విడుదలైన నాడు విన్నవారు కాదు. 1994 నాటి 'యాంప్లిఫైడ్ హార్ట్' ఆల్బంలోని 'మిస్సింగ్' అనే పాటను న్యూయార్కు సంగీతకారుడు టాడ్ టెర్రీ నృత్యానికి అనువుగా మార్చి చేయగా, అది 1995-96లో ప్రపంచమంతటా మారుమోగింది. బ్రిటన్‌లో 3వ స్థానానికి, అమెరికాలో 2వ స్థానానికి చేరింది. అప్పటికి పదేళ్లకు పైగా పాటలు చేస్తున్న ఈ జంటను చాలామంది కొత్తవారనుకొన్నారు. ఆ పాట నచ్చి పాత ఆల్బంలు వెతికినవారికి ఈడెన్ ఎదురైంది. యంత్రాల లయతో సాగే పాట పాడిన అదే గొంతు, డబుల్ బేస్, శాక్సోఫోనుల మధ్య 21 ఏళ్ల వయసులో పాడుతూ వినిపించడం వారికి వింతగా తోచింది. అదే కాలంలో మాసివ్ అటాక్ బృందపు 'ప్రొటెక్షన్' (1994) ద్వారా థార్న్ గొంతు విన్నవారిది కూడా ఇదే అనుభవం.

ఆ విధంగా ఈడెన్‌ను వెనుక నుండి ముందుకు విన్న తరానికి, 1984 నాటి 'కొత్త జాజ్' వాదాలు తెలియవు. కాఫీ దుకాణపు ముద్ర లేకుండా పాటలను పాటలుగానే విన్నారు. ఆల్బంకు ఇది మేలే చేసింది. 2012లో ఎడ్సెల్ సంస్థ అదనపు పాటలతో దీనిని రెండు డిస్కులుగా పునర్ముద్రించింది.

తరువాతి కాలం

ఈ జంట జాజ్‌ను పూర్తిగా విడిచిపెట్టలేదు. 1990లో టామీ లిప్యూమా నిర్మాణంలో అమెరికాలో చేసిన 'ది లాంగ్వేజ్ ఆఫ్ లైఫ్' ఆల్బంలో పేరుపొందిన అమెరికన్ జాజ్ విద్వాంసులు వాయించారు. అందులో 'ది రోడ్' అనే పాటకు శాక్సోఫోను వాయించినది స్టాన్ గెట్జ్. బోసా నోవాను ప్రపంచానికి వినిపించిన ఆ మనిషి, తన రికార్డులు విని పెరిగిన తరం పాటకు వాయించిన కొంతకాలానికే, 1991 జూన్‌లో మరణించాడు. అయితే నైపుణ్యం దృష్ట్యా ఎంతో మెరుగైన ఆ ఆల్బం కంటే, తడబాట్లున్న ఈడెన్‌నే ఎక్కువమంది ఇష్టపడతారు.

1992లో వాట్ చర్గ్-స్ట్రాస్ సిండ్రోమ్ అనే అరుదైన వ్యాధితో మరణం అంచుదాకా వెళ్లి వచ్చాడు. చిన్నప్రేవులో అధికభాగాన్ని శస్త్రచికిత్సలో తొలగించవలసి వచ్చింది. ఆ అనుభవాన్ని 'పేషెంట్' (1996) అనే పుస్తకంగా రాశాడు. ఆ తరువాత చేసిన 'యాంప్లిఫైడ్ హార్ట్'లో డబుల్ బేస్ మళ్లీ వినిపిస్తుంది. ఈసారి వాయించినది డానీ థాంప్సన్.

'వాకింగ్ వూండెడ్' (1996), 'టెంపరమెంటల్' (1999) ఆల్బంలలో వీరు నృత్యశాలల ఎలక్ట్రానిక్ సంగీతం వైపు వెళ్లారు. ఆపై జంటగా పాడడం మానుకొని, విడివిడిగా సంగీతమూ రచనలూ సాగించారు. చాలాకాలం సహజీవనం చేసిన తరువాత 2008లో వివాహం చేసుకొన్నారు. 24 ఏళ్ల విరామం తరువాత 2023 ఏప్రిల్‌లో 'ఫ్యూజ్' అనే ఆల్బం వెలువరించారు. అది బ్రిటన్ పట్టికలో 3వ స్థానానికి చేరింది. ఈడెన్ నాటి కంటే థార్న్ గొంతు ఇందులో మరికొంత కిందికి దిగి వినిపిస్తుంది.